బతికున్నవాళ్ళకి కాదు

జయమణికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని మల్కాపురంలో వాళ్ళ వీధిలో ఏ చిన్నపిల్లని అడిగినా చెబుతుంది. కుళాయి దగ్గర వరస తప్పితే కోపం, చర్చిలో పాట మధ్యలో ఎవరి ఫోనైనా మోగితే కోపం. రిఫైనరీ వాసన ఇంట్లోకి కొట్టిన రోజు వాళ్ళాయన దయానందం మీద కోపం, ఆ వాసన ఆయనే వదిలినట్టు. పాపం, ఆయన పనిచేసేది రిఫైనరీలో కూడా కాదు, పోర్టులో క్రేను మీద. కానీ ఇప్పుడు చెప్పబోయే కోపం అలాంటిది కాదు. ఇది న్యాయమైన కోపం. అందులో సగం ఆవిడకి తన మీద తనకే.

జయమణి కుట్టేది చచ్చిపోయినవాళ్ళకి తొడిగే బట్టలు. అదేం పని అని మొహం చిట్లించకండి. పన్నెండేళ్ళ కిందట వాళ్ళత్తగారు పోయినప్పుడు, శవపేటికలో పెట్టే ముందు తెల్ల జాకెట్టు తొడగబోతే చేతులు వంగలేదు. ఎవరో కత్తెర తెచ్చి జాకెట్టుని వీపు మీద నిలువునా పరపరా కోసేసి, ముందు నుంచి కప్పి, అంచులు ఒంటి కిందికి దోపేశారు. వీధి వీధంతా చూస్తుండగా! పుట్టెడు మందిని సాకిన మనిషికి ఆఖరికి దక్కిన మర్యాద అదీ. ఆ కత్తెర చప్పుడు జయమణి చెవుల్లోంచి పోలేదు. నెల తిరక్కుండా ఆవిడ ఒక గౌను కుట్టింది. మెడ నుంచి పాదాల దాకా తెల్ల శాటిను, ముంజేతుల దగ్గర లేసు, వెనక మాత్రం పూర్తిగా తెరిచి నాలుగుచోట్ల తాళ్ళు. మనిషిని ముందు నుంచి తొడిగి, కాస్త ఒత్తిగిలించి తాళ్ళు కట్టేస్తే చాలు. కత్తెరతో పనిలేదు.

మొదట్లో శవపేటికల దుకాణాలకి ఇచ్చేది. తర్వాత ఇంటిసంత అనే యాప్‌లో పెట్టింది. చావుబట్ట ఆన్‌లైన్‌లో ఎవరు తెప్పించుకుంటారు, అది వచ్చేదాకా శవం ఆగుతుందా అని నవ్వినవాళ్ళు నవ్వారు. వాళ్ళకి తెలియనిదేమిటంటే, ఆ గౌన్లు కొనేది ముసలమ్మలు. తమ కోసమే. లేసు నచ్చిందో లేదో బతికుండగానే చూసుకుని, ట్రంకుపెట్టెలో అడుగున కలరా ఉండలేసి దాచుకుంటారు. కోడళ్ళకి చూపించి, ఇదే తొడగండి, ఇంకోటి తొడిగితే లేచి తంతాను అని చెప్పుకుంటారు. బొబ్బిలి, పార్వతీపురం, అరకు దాకా వెళ్ళాయి జయమణి గౌన్లు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆఖరి తాడు కుట్టేటప్పుడు జయమణి కొన్నామె పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ఆ పేరు పెట్టి పైకే ప్రార్థన చేస్తుంది. "ప్రభువా, ఈ బిడ్డని మంచం పట్టనీకు. ఒకరి చేత చీదరించుకోనీకు. నొప్పి తెలీకుండా నీ దగ్గరికి తీసుకెళ్ళిపో." చచ్చినవాళ్ళ కోసం మనం ప్రార్థన చెయ్యమమ్మా అని పాస్టరుగారు అంటే, "చచ్చినవాళ్ళకి కాదండీ, చావాల్సినవాళ్ళకి" అంది. ఆ ప్రార్థన కోసమే కొనే ముసలమ్మలున్నారు. ఆనందపురంలో మహాలక్ష్మమ్మ అని ఒకావిడ, ఎనభైకి దగ్గర పడింది, రెండేళ్ళ కిందట గౌను అందగానే ఫోన్ చేసి, "సదివేవా నా పేరు? గట్టిగా సదివేవా?" అని అడిగి మరీ తేల్చుకుంది. అప్పటి నుంచి ప్రతి క్రిస్మసుకీ ఫోన్ చేసి, "ఇంకా ఎల్లనేదే! నీ ప్రార్థన పన్జెయ్యట్లేదు" అని ఎగతాళి చేస్తుంది.

అలాంటి బట్టకి యాప్‌లో జయమణి తనే ఒక పేరు కొట్టుకుంది. "సమాధి గౌను, తెల్లది, వెనక తాళ్ళు, బతికున్నవాళ్ళకి కాదు." ఆ చివరి ముక్కంటే ఆవిడకి భలే ఇష్టం. బట్టకి ఎన్ని కుట్లు కావాలో పేరుకీ అన్ని మాటలే కావాలి, ఒక్కటి తగ్గినా ఊడుతుంది అనేది.

అప్పుడొచ్చాయి కొత్త రూల్సు.

వస్తువు పేరు ఇంగ్లీషులోనే ఉండాలట. డెబ్భై అక్షరాలు దాటకూడదట. ముందు అమ్మేవాళ్ళ పేరు, తర్వాత ఆడవాళ్ళకా మగవాళ్ళకా, తర్వాత రంగు, బట్ట, సందర్భం, రకం, అన్నీ ఆ వరసలోనే రావాలట. హెచ్చరికలు పేరులో పెట్టకూడదట. చావు, శవం, సమాధి లాంటి, కొనేవాళ్ళ మనసు నొప్పించే మాటలు అసలే ఉండకూడదట. ఏడు రోజుల్లో మార్చకపోతే వస్తువు ఎవరికీ కనపడదట.

"మనసు నొప్పిత్తాదంట!" అని జయమణి ఫోన్‌ని మిషను మీద గిరాటేసింది. పక్కన కూచుని లేసు కుడుతున్న పోతమ్మ ఉలిక్కిపడింది. పోతమ్మ పక్కింటావిడ, నాలుగేళ్ళుగా జయమణితోనే కుడుతోంది. "సావుకేటి, ఈల్ల రూలు సదువుకుని వత్తాదా? మనుసులు సావడం మానేసేరా?"

"సావు మానరు గానీ అక్కా, ఏడ్రోజులంతన్నారు" అంది పోతమ్మ.

అందుకని వెళ్ళింది, ద్వారకా నగర్‌కి. అక్కడ ఒక కోచింగ్ సెంటర్ మీద రెండో అంతస్తులో నతానియేల్ ఆఫీసు. యాప్‌లలో అమ్ముకునేవాళ్ళకి పేర్లూ ఫోటోలూ రూల్సు ప్రకారం సరిచేసి పెట్టడమే అతని పని. వీళ్ళ చర్చిలోనే గిటారు వాయించేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, మాట మెత్తన.

"ఆంటీ, టైటిల్‌లో సావు ఉండకూడదు. అంతే" అన్నాడు.

"సావుబట్టకి సావు లేకుండా పేరెలా పెడతావురా?"

"వైట్ గౌన్ అని పెడతాను."

"వైట్ గౌనంటే ఎవులైనా కొనేత్తారు."

"కొనాలనే కదా ఆంటీ పెడతన్నాం!" అని నవ్వాడు. ఆ నవ్వుకి జయమణికి ఒళ్ళు మండింది. బతికున్నవాళ్ళకి కాదు అన్న ముక్క ఉండి తీరాలని పట్టుపట్టింది. "అది టైటిల్‌లో పెడితే కంప్యూటరే తీసి పారేత్తాది ఆంటీ. కింద వివరం ఉంటాది కదా, అందులో మొదటి లైన్ అదే పెడతాను. మీ మీద ఒట్టు."

జయమణి కిటికీలోంచి బయటికి చూసింది. కింద కోచింగ్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని సందులో నిండిపోయి ఉన్నారు. ఏడు రోజుల్లో అయిదు అయిపోయాయి. తనతో కుట్టే నలుగురు ఆడవాళ్ళు గుర్తొచ్చారు. యాప్‌లో వెతుక్కుని దొరక్క, మళ్ళీ కత్తెర పాలయ్యే ముసలమ్మలు గుర్తొచ్చారు. సరే అంది. జన్మలో దేనికీ తేలిగ్గా సరే అనని మనిషి, అనకూడని చోట అంది.

ఆ ఇంగ్లీషు పేరేమిటో జయమణి ఎవరి చేతా చదివించుకోనూ లేదు. పేరు మారిన వారం నుంచీ గౌన్లు ఎన్నడూ లేనంతగా పోయాయి. పోతమ్మ మొదట సంబరపడింది. తర్వాత ఒకరోజు ఆర్డరు కాగితం పట్టుకుని లేచొచ్చింది.

"అక్కా, ఏటీ సైజు? స్మాల్ అంట. మొన్నా స్మాలే. అంతకు ముందూ స్మాలే."

"ముసిలోల్లు ఎండిపోయి సిన్నగా అయిపోతారు కదే" అంది జయమణి.

"బేగి పంపమని కూడా రాసేరు."

"ఒంట్లో బాగోనేదేమో."

ఎంత చక్కటి సమాధానాలో చూశారా! ట్రంకుపెట్టెలో దాచుకునే బట్టకి ఏ ముసలమ్మా తొందరపెట్టదని పన్నెండేళ్ళుగా తెలిసిన మనిషి ఆవిడ. ఆ తెలివంతా ఏమైపోయిందో. అలా తొమ్మిది స్మాల్ గౌన్లు కుట్టింది. తొమ్మిది పేర్లు రాసుకుంది. తొమ్మిది పేర్లకీ గొంతెత్తి ప్రార్థన చేసింది. ఒక పేరు పక్కన ఆనందపురం అని ఉంటే, మహాలక్ష్మమ్మ చెప్పి కొనిపించి ఉంటుందని మురిసిపోయింది కూడా.

ఆ మహాలక్ష్మమ్మే ఫోన్ చేసింది, నవంబరులో ఒక గురువారం పొద్దున్న.

"ఒలే జయమణీ! నువ్వు మనిసివేనా?"

"ఏటైనాది మామ్మా?"

"ఏటైనాదా? నా మనవరాలు దీనాకి రేపు పెల్లి. ఆ గుంట పెల్లికని ఫోన్ల గౌను తెప్పించుకున్నాది. నిన్న కట్ట ఇప్పి సూపించినాది. నాను నా పెట్టి తీసి నా గౌను దాని పక్కన పరిసేను. అదే లేసు. అయ్యే తాల్లు. నాలుగు ముడులూ నీ సేతి ముడులే! నా సావుకిచ్చిన బట్ట నా మనవరాలి పెల్లికిత్తావా?"

జయమణి మిషను మీంచి లేచింది.

"నాను సెప్తే ఎవులూ నమ్మట్లేదే. ఫోన్ సూపింతన్నారు. సూడు మామ్మా, వెడ్డింగ్ గౌనని రాసున్నాది, నీకు మతి పోనాది అంతన్నారు. వెనక తెరిసి ఉంటే అది ఫేసనంట! పిన్నీసులు పెట్టుకుంతాదంట! బట్ట నా పెట్టిలో పడేసి తాలం ఏసేను. గుంట ఏడుత్తంది. నా కోడలు తాలం బద్దలు కొడతానంతంది. నువ్వొచ్చి సెప్పు."

"వత్తన్నాను మామ్మా. ఇప్పుడే బయల్దేరతన్నాను."

తర్వాత ముసలావిడ గొంతు బాగా తగ్గించి అడిగింది. "ఒలే, ఆ గుంట పేరు మీద కూడా సదివేవా?"

నోటుపుస్తకం మిషను పక్కనే ఉంది. తీయక్కర్లేదు, జయమణికి తెలుసు. దీనా, ఆనందపురం. తన చేతి రాతే. రేపు పెళ్ళికూతురు కాబోయే పిల్లని నొప్పి తెలీకుండా తీసుకెళ్ళిపొమ్మని దేవుణ్ణి గట్టిగా, పేరు పెట్టి మరీ అడిగింది.

బస్సు మారడానికి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగాలి కాబట్టి, దిగి తిన్నగా నతానియేల్ ఆఫీసు మెట్లెక్కింది. లోపల ఎవరో ఇద్దరు కూచుని ఉన్నారు. వాళ్ళని లెక్కచెయ్యలేదు.

"నా గౌను పేరేటో సదువు."

అతను తెరచి చదివాడు. "జయమణి విమెన్ వైట్ శాటిన్ వెడ్డింగ్ గౌన్ విత్ బ్యాక్ టై."

"వెడ్డింగ్ ఎవడు పెట్టేడు?"

"సందర్భం ఖాళీగా ఒదిలెయ్యకూడదు ఆంటీ. లిస్టులో నాలుగే ఉన్నాయి. పెళ్ళి, పార్టీ, పండగ, రోజూ వేసుకునేది. సావు లేదు. మరి పార్టీ అని పెట్టమంతారా?"

"వివరంలో మొదటి లైనన్నావు? ఒట్టేసేవు?"

అతను వేలితో తెరని పైకి జరిపాడు. జరిపాడు, జరిపాడు. పన్నెండో లైనులో దొరికింది. రోజువారీ వాడకానికి తగదు, అని. అంతే. సమాధి అని రాస్తే వివరాన్ని కూడా కంప్యూటరు తిప్పికొట్టిందట, అందుకని కాస్త మార్చాడట. జయమణి అరికాలి మంట నెత్తికెక్కింది. చెంప పగలగొట్టకుండా చేతులు రెండూ సంచి మీద బిగబట్టుకుంది.

ఆవిడ ఆనందపురం వెళుతోందని తెలిసి నతానియేల్ ఇంకా మెత్తగా చెప్పాడు. "ఆంటీ, నా మాట ఇనండి. ఒక జిప్పు తీసుకెళ్ళి వెనక కుట్టేసి ఇచ్చీండి. పెళ్ళి అయిపోద్ది, ఆల్లకి తెలీదు. నిజం సెప్తే రివ్యూ రాసేత్తారు, మీ అకౌంటే పోద్ది. ముసిలావిడ మాట ఎలాగూ ఎవులూ నమ్మట్లేదు కదా?"

"నీ సెల్లికి పెల్లి కుదిరినప్పుడు సెప్పరా" అంది జయమణి. "ఇదే గౌను ప్రజెంటేసన్ ఇత్తాను. జిప్పు కుట్టి మరీ ఇత్తాను."

ఆవిడ మెట్లు దిగిపోయింది.

ఇంత మాటా అన్న మనిషి, కింద దుకాణంలో ఆగి తెల్ల జిప్పు ఒకటి కొంది. ఎందుకు కొన్నావని అడిగితే ఆవిడ దగ్గర సమాధానం లేదు. సంచిలో అడుగుకి తోసేసి బస్సెక్కింది. దారి పొడుగునా చెయ్యి దాని మీదే ఉంది.

ఆనందపురం జంక్షను దాటి పూల బజారు వెనక సందులో ఇల్లు. గుమ్మంలో షామియానా వేస్తున్నారు. లోపల బంధువులు. ముందు గదిలో మహాలక్ష్మమ్మ ట్రంకుపెట్టె మీద కూచుని ఉంది, తాళంచెవి బొడ్లో దోపుకుని. ఎవరు లేవమన్నా లేవడం లేదు. గోడవారగా దీనా, చేతులకి గోరింటాకు, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. దీనా తల్లి ఆశాజ్యోతి జయమణిని చూసి ప్రాణం లేచొచ్చినట్టు ఎదురొచ్చింది.

"మీరేనా అండీ కుట్టింది? రండి, రండి. మా అత్తకి మీరే సెప్పండి. పెద్దతనం, ఏదేదో అపశకునం మాటలు మాటాడతంది. ఆవిడ సెప్పిందల్లా పట్టించుకోకండి. ఆ వెనక కాసింత కుట్టి ఇచ్చేత్తే సాలు."

చూడండి, అబద్ధం జయమణి ఆడక్కర్లేదు కూడా. వాళ్ళే కుర్చీ వేసి కూచోబెడుతున్నారు. ఊరుకుంటే చాలు. జిప్పు సంచిలో ఉంది, సూదీ దారం ఉన్నాయి, గంట పని. జయమణి మహాలక్ష్మమ్మ వైపు చూసింది. ముసలావిడ పెట్టె మీద నుంచి అలా చూస్తూనే ఉంది. నిన్నటి నుంచీ ఇంటిల్లిపాదీ ఆ మనిషిని పిచ్చిదాన్ని చేశారు, ఫోన్‌లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చూసి. ఆ ముక్కల ముందు జయమణి పేరు ఉంది.

"మీ అత్తగారికి మతి పోలేదమ్మా" అంది జయమణి. "ఆవిడ సెప్పిందే నిజం. అది సచ్చిపోనోల్లకి తొడిగే బట్ట. నానే కుట్టేను."

ఎవరో ఓలమ్మో అన్నారు. తర్వాత ఒక్కసారిగా ఇల్లంతా లేచింది, అందరికంటే ముందు ఆశాజ్యోతి.

"మరి పెల్లి గౌనని ఎందుకు రాసేవు? ఆడపిల్ల బతుకుతో ఆడుకుంతావా? సిగ్గు నేదా నీకు?"

నాను రాయలేదు అన్న మాట జయమణి నాలిక చివరి దాకా వచ్చింది. కంప్యూటరు రాసింది, రూలు రాసింది, నతానియేల్ రాశాడు. అన్నీ నిజాలే. ఆ నిజాలు చెప్పుకుంటే ఆవిడ గుమ్మం దాటి హాయిగా వెళ్ళిపోవచ్చు.

"నా పేరు మీద అమ్మేను" అంది. "స్మాల్ సైజు అడిగినప్పుడే నాకు అనుమానం రావాల. రానిచ్చుకోలేదు. తప్పు నాదే."

దీనా లేచి నిలబడింది. "ఆంటీ, మీరు పేరు పెట్టి ప్రార్థన సేత్తారని మామ్మ సెప్పింది. నా పేరు మీద కూడా సేసేరా?"

"సేసేనమ్మా."

"ఏటని?"

జయమణి జీవితంలో మాట వెతుక్కున్నది ఆ ఒక్కసారే. చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. దీనా విన్నది, వింటూ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది, ఆ గోరింటాకు చేతులు ఈవిడ చూడకూడదన్నట్టు. "పొండి" అంది. "ఆ బట్ట తీసుకుని పొండి."

ఆశాజ్యోతి అప్పటికే తమ్ముడికి డబ్బిచ్చి తెల్లపట్టు చీర కోసం పంపిస్తోంది. మహాలక్ష్మమ్మ లేచి తాళం తీసింది. మనవరాలి గౌను తీసి జయమణి చేతిలో పెట్టింది. తర్వాత అడుగు నుంచి, కలరా ఉండల వాసనతో, తన గౌను కూడా తీసింది.

"ఇది కూడా పట్టుకుపో."

"మామ్మా, ఇది నీది."

"నిజం సెప్పేవు. నా పరువు నిలబెట్టేవు, బాగున్నాది. కానీ నా మనవరాలికి సావు కోరిన నోటితో నాకు కోరొద్దు. నాకు నీ బట్ట వద్దే. నా జాకెట్టు కత్తెరతోనే కొయ్యనీ."

జయమణి రెండు గౌన్లూ సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది.

జంక్షనులో బస్సు కోసం నిలబడి నోటుపుస్తకం తీసింది. దీనా కాక ఎనిమిది పేర్లు. ఎనిమిది స్మాల్ గౌన్లు. ఎవరి పెళ్ళి ఎప్పుడో! ఫోన్ చేద్దామంటే యాప్‌లో వాళ్ళ నంబర్లు ఉండవు, నంబరు ఉండాల్సిన చోట చుక్కలుంటాయి. కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఒక మిషను ఆడగొంతుతో, "మీ వస్తువు పేరు మా నిబంధనలకు అనుగుణంగా ఉంది, ధన్యవాదాలు" అంది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్న ఆ రోడ్డు మీద జయమణి ఆ మిషనుని అమ్మనా బూతులు తిట్టింది. పూలబుట్ట దించుకుంటున్న మనిషి తిరిగి చూసింది.

తర్వాత బస్సులో కూచుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, గౌను పేరు ఉన్న చోట ఉన్నదంతా చెరిపేసింది. ఒక్కో అక్షరమే కొట్టింది, తెలుగులో. "ఇది శవానికి తొడిగే బట్ట. పెళ్ళికి కొన్నవాళ్ళు వేసుకోకండి. నాకు ఫోన్ చెయ్యండి. జయమణి, మల్కాపురం." కింద తన నంబరు వేసింది. ఎన్ని రూల్సు ఉన్నాయో అన్నీ ఆ ఒక్క పేరులో తప్పింది. నొక్కింది.

హనుమంతవాక దాటేలోపే నతానియేల్ ఫోన్. "ఆంటీ, ఏటి సేసేరు? మీ అకౌంట్ మూసేత్తన్నామని మెసేజ్ వచ్చింది! గంటలో తీసేత్తారు అన్నీ! ఇంత కష్టపడి సెట్ సేసేను!"

"గంట ఉంటాదా?" అంది జయమణి. "సాల్లే." పెట్టేసింది.

ఇల్లు చేరేసరికి మూడున్నర. పోతమ్మ అరుగు మీదే ఎదురుచూస్తోంది. జరిగింది విని ఏడవబోతే, "నోరుముయ్యి, పన్లేదా" అని కసిరింది జయమణి. కసిరి, తనే వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఇక యాప్ లేదు. రేపటి నుంచి ఆ నలుగురికీ ఏం పని చెప్పాలో తెలీదు. మళ్ళీ శవపేటికల దుకాణాలు తిరగాలి, తిరుగుతుంది. ముందు నోటుపుస్తకం తెరిచి దీనా పేరు అడ్డంగా కొట్టేసింది.

అప్పుడు మోగింది ఫోన్. తెలియని నంబరు. సన్నటి గొంతు.

"జయమణిగారాండీ? నా పేరు ప్రసన్నకుమారి. బొబ్బిలి నుంచి మాటాడతన్నాను. నాను మీ గౌను కొన్నానండీ."

"వేసుకోకు తల్లీ" అంది జయమణి గబగబా. "పక్కన పడెయ్. నాను వేరేది కుట్టి, నానే తెచ్చి ఇత్తాను. పెల్లెప్పుడు?"

"అయిపోనాదండీ. పోయిన్నెల. అదే వేసుకున్నాను. అందరూ సాలా బాగుందన్నారు. ఇందాక ఖాళీగా ఉండి, మంచి రివ్యూ రాద్దామని తీసేను. తీత్తే ఈ పేరున్నాది." ఆ గొంతులో ఏడుపు కలిసింది. "మా ఆయన మొన్ననే ఓడ మీదికి ఎల్లేరండీ. తొమ్మిది నెల్లదాకా రారు. ఏటన్నా అవుద్దా అండీ?"

పొద్దుట్నుంచి జయమణి అందర్నీ తిట్టింది. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరు. బొబ్బిల్లో ఒక గదిలో ఒక్కత్తీ కూచుని, కొత్తగా కట్టుకున్న మొగుడి కోసం భయపడుతున్న పిల్ల ఉంది. ఆ భయం నిన్నటిదాకా లేదు. రూలు పెట్టలేదు దాన్ని, చావుబట్ట అని దాచిన పేరు పెట్టింది, ఇందాక విప్పి చెప్పిన పేరు పెట్టింది. రెండూ జయమణివే.

"నీకేటీ అవదు" అంది. "మీ ఆయనకీ ఏటీ అవదు."

"నిజంగానా అండీ?"

"అయితే గియితే నాకవ్వాల. ఇన్నావా? నాకే అవ్వాల. మల్కాపురమొచ్చి ఎవుల్నైనా అడుగు, జయమణి అబద్దం ఆడతాదేమో." అని, తనకి తనే వినబడి నోటుపుస్తకం దగ్గరికి లాక్కుంది. "మీ ఆయన పేరు కూడా సెప్పు. రోజూ ఇద్దరి పేర్లూ సదువుతాను. ఓడ తిరిగొచ్చేదాకా సదువుతాను. వచ్చేక నాకు ఫోన్ సెయ్యి."

పిల్ల చెప్పింది. యోహాన్ అట. జయమణి అట్ట వెనక వైపు కొత్త పేజీ తెరిచి, ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసుకుంది.

ఫోన్ పెట్టేశాక పాత పేజీకి తిరిగొచ్చింది. నాలుగో పేరు ప్రసన్నకుమారి, బొబ్బిలి. కొట్టేసింది. కొట్టేసిన పేరు పైన తన పేరు రాసింది. దీనా పేరు మీద కూడా రాసింది. జయమణి, మల్కాపురం.

పోతమ్మ తొంగి చూసింది. "ఏటక్కా అది? నీ పేరు రాసుకుంతన్నావు?"

"దేవుడికి ఒకసారి పంపిన అర్జీ ఎనక్కి రాదే. పేరైనా మార్చాల కదా."

సంచిలోంచి మహాలక్ష్మమ్మ గౌను తీసి భుజాల దగ్గర తనకి సరిపోతుందో లేదో చూసుకుంది. సరిపోయింది. మడతపెట్టి, తన ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకుంది. వచ్చి మళ్ళీ అరుగు మీద కూచుంది. పేజీలో ఇంకా ఏడు పేర్లున్నాయి. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.